చదవని వాళ్ళ లెక్క

మందుల గది, పిల్లల ఆసుపత్రి
నవంబరు 18

కప్పమ్మా,

ఈ సంగతి ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు "ఊ, ఊ" అంటావు, మధ్యలో ఎవరో నీ తలుపు కొడతారు, అక్కడితో సరి. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు. అందుకే మన పాత అలవాటు నేను మానను.

నిన్న పొద్దున వార్డు డాక్టరమ్మ మందుల గది కిటికీ దగ్గరికొచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఇన్ఫెక్షన్ వస్తే మేమొక ఇంజెక్షన్ ఇస్తాం. గట్టి మందు. ప్రాణం నిలబెడుతుంది గానీ ఒంట్లోంచి సమయానికి బయటికి పోకపోతే కిడ్నీలనీ చెవులనీ దెబ్బ తీస్తుంది. ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య ఎన్ని గంటలు ఆగాలన్నదే మాకెప్పుడూ తలనొప్పి. ఆ కాగితంలో పిల్ల బరువుని బట్టి ఎన్ని గంటలో చక్కగా పట్టిక వేసి ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ పట్టికకి ఆధారం ఫలానా పరిశోధన పేపరు అని రాసి, నీ పేరు!

"ఈవిడ మా చెల్లెలండీ" అన్నాను. డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఈవిడ కప్పల మీద పనిచేస్తుందట" అంది. "ఆ కప్పలే. చిన్నప్పుడు మా స్నానాల బకెట్లో పెంచేది. నేను ఒంటి మీద నీళ్ళు పోసుకోబోయి ఎన్నిసార్లు కేకలు పెట్టానో" అన్నాను.

ఇంటికెళ్ళి మీ వదినకి చెప్తే, "అయితే ఇన్నాళ్ళకి ఆ కప్పలు మనిషికి పనికొచ్చాయన్నమాట" అంది. అది పొగడ్తే, నీకు తెలుసు కదా ఆవిడ సంగతి.

డాక్టరమ్మ ఇంకో మాట అంది. "మీ చెల్లెలి పేపరుకి సైటేషన్లు వందల్లో ఉన్నాయి" అని. నేను తెలిసినట్టే తల ఊపాను. అదేంటో రాయి, పరువు పోకుండా.

అన్నయ్య


జంతుశాస్త్ర విభాగం, రెండో అంతస్తు
డిసెంబరు 4

అన్నయ్యా,

తెలిసినట్టు తల ఊపడంలో నీకు డాక్టరేట్ ఇవ్వాలి.

ఎవరైనా ఒక పేపరు రాసేటప్పుడు, "ఈ మాట నేను ఊరికే అనడం లేదు, ఫలానా వాళ్ళు ముందే తేల్చారు" అని కింద పేరు పెట్టి చూపిస్తారు. అలా ఒకసారి చూపిస్తే ఒక సైటేషన్. అంతే. ఎంతమంది చూపిస్తే అంత గొప్ప పేపరు అని ఇప్పటి లోకం లెక్క.

ఆ పేపరు నేను రాసి పదమూడేళ్ళయింది. చిటికెన వేలంత కప్ప నుంచి అరచేయంత కప్ప దాకా, ఒంటి బరువుని బట్టి కిడ్నీలు ఒంట్లోని వ్యర్థాన్ని ఎంత వేగంగా బయటికి తోస్తాయో చెప్పే ఒక చిన్న సూత్రం. మొదటి పదేళ్ళలో దాన్ని తొమ్మిది మంది చూపించారు. అందులో ఇద్దరు నా స్నేహితులు. ఒకరు నేనే. తర్వాత ఎక్కడో పిల్లల డాక్టర్లు కొందరు ఆ సూత్రాన్ని మనుషుల లెక్కకి మార్చి, కాస్త ఎదిగిన పిల్లల మీద సరిచూశారట. అతికినట్టు సరిపోయిందట. వాళ్ళని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు.

మా పరిశోధనల ఆఫీసులో ఎవరి పేపరుని ఎంతమంది చూపించారో లెక్కకట్టి ఫైళ్ళు తయారుచేసే ఆవిడ ఉంది. లెక్కలావిడ అంటాం. ఆవిడ మొన్న నన్ను పిలిచి తెర చూపించింది. మొత్తం ఎనిమిది వందల పన్నెండు. "ఇందులో మీ కప్పల వాళ్ళు పద్నాలుగు. మిగతావన్నీ డాక్టర్లవి. ఒక్కో రంగానికి ఒక్కో కొలబద్ద ఉంటుందమ్మా. మీ రంగంలో ముప్పై వస్తే ఊరేగిస్తారు, వైద్యంలో ముప్పై అంటే ఒక వారం పని. కానీ కమిటీ వాళ్ళు రంగం చూడరు, అంకె చూస్తారు" అంది.

ఆ అంకె నాకిప్పుడు కావాలి అన్నయ్యా. కప్పల గది మూసేసి ఆ చోటు వేరేవాళ్ళకి ఇవ్వాలని రెండేళ్ళుగా అనుకుంటున్నారు. జూన్లో కమిటీ కూర్చుంటుంది. నన్ను ప్రొఫెసర్ని చేస్తే గది నిలుస్తుంది, నా దగ్గర పనిచేసే ఇద్దరు అమ్మాయిల చదువూ నిలుస్తుంది. ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో తొట్ల నీళ్ళు మార్చుకుంటూ గడిపినదాన్ని, నన్నెవరూ ఇంతవరకు ఊరేగించలేదు. ఈ ఒక్కసారి అయితే బాగుండనిపిస్తోంది. నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఒప్పుకుంటాను?

వదినకి చెప్పు, కప్పలు థాంక్సన్నాయని.

చెల్లి


మందుల గది
జనవరి 12

కప్పమ్మా,

పని పూర్తి చేశాను. ఈ సోమవారం నుంచి మా వార్డులో నీ పట్టికే.

అంత తేలిగ్గా జరగలేదులే. మీటింగులో పెద్ద నర్సు అడ్డం తిరిగింది. ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని చూస్తోంది, ఆవిడ ఊ అనకపోతే మా వార్డులో దోమ కూడా ఎగరదు. "పాత పద్ధతిలో ఎక్కువ గంటలు ఆగుతాం, ఆగితే వచ్చే నష్టం తక్కువ. ఈ కొత్త కాగితంలో మరీ బుల్లి పిల్లలకి కూడా తొందర తొందరగా ఇమ్మంటోంది. నాకు నచ్చలేదు" అంది. డాక్టరమ్మ ఎటూ తేల్చలేక నా వైపు చూసింది.

నేను లేచాను. ఇరవై ఏళ్ళలో మీటింగులో నేను నోరు విప్పింది రెండుసార్లు, రెండూ ఫ్రిజ్ పాడైందని చెప్పడానికి. "ఎనిమిది వందల పన్నెండు మంది చదివి ఒప్పుకున్న పేపరండీ ఇది" అన్నాను. "ఇది రాసిన మనిషిని పుట్టినప్పట్నుంచి ఎరుగుదును. ఒక కప్పని మూడుసార్లు తూచందే అంకె రాయదు" అన్నాను. అందరూ నవ్వారు. పెద్ద నర్సు నవ్వలేదు గానీ, "సరే, మీ ఇష్టం" అంది.

నేనే పెద్ద అక్షరాల్లో రాసి, ప్లాస్టిక్ కాగితం వేయించి, మందులు కలిపే బల్ల పైన గోడకి అంటించాను. ఇప్పుడు పొద్దున్నే తాళం తీయగానే దాని మొహమే చూస్తున్నాను. మీ వదిన, "పెళ్ళి ఫొటో కూడా అంత నిటారుగా తగిలించలేదు" అని దెప్పుతోంది.

అన్నయ్య


జంతుశాస్త్ర విభాగం
ఫిబ్రవరి 20

అన్నయ్యా,

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. కమిటీకి పాత నోటు పుస్తకాలు కావాలన్నారు, అవి వెతకడంతోనే సరిపోతోంది.

రెండు సంగతులు రాయి. మీ వార్డులో ఆ పట్టిక ఎంత బరువు పిల్లలకి వాడుతున్నారు? కిలో లోపు వాళ్ళకి కూడానా? ఇంకొకటి, ఇంజెక్షన్ ఇచ్చాక రక్తంలో మందు ఎంత మిగిలిందో పరీక్ష చేస్తారు కదా?

నా ఒంట్లో బాగానే ఉంది. వదినని అడిగానని చెప్పు.

చెల్లి

తా.క. కిలో లోపు వాళ్ళకి పాత పద్ధతే ఉంచితే నష్టమేముంది? పెద్ద నర్సు అనుభవం ఉన్న మనిషి కదా.


మందుల గది
మార్చి 9

కప్పమ్మా,

ఏమిటా ఉత్తరం? టెలిగ్రాం ఇచ్చినట్టుంది. కమిటీ భయం పట్టుకుందా?

అడిగావు కాబట్టి చెప్తున్నా. అందరికీ వాడుతున్నాం. కిలో లోపు వాళ్ళకే ముఖ్యంగా, ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చేది వాళ్ళకే కదా. రక్త పరీక్ష మిషను మా దగ్గర లేదు, బయటికి పంపాలి, జవాబు మూడు రోజులకి వస్తుంది. అప్పటికి ఇంకో రెండు డోసులు పడిపోతాయి. ఇంతకు ముందు అనుమానం వస్తే పంపేవాళ్ళం. ఇప్పుడు నీ పట్టిక ఉండగా అదెందుకని మానేశాం.

తా.క. చదివి నవ్వుకున్నాను. చిన్నప్పుడు క్లాసులో ఫస్టొచ్చి కూడా "పేపరు తేలిగ్గా ఇచ్చార్లే" అనేదానివి. ఇంకా అదే అణకువ. నీ మీద నీకు లేని నమ్మకం నాకుంది. పోనీ నా నమ్మకం మీద బతుకు ఈ నాలుగు నెలలూ.

అన్నయ్య


మందుల గది
మే 20

కప్పమ్మా,

ఏప్రిల్ అంతా నీ నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. కమిటీ అయ్యేదాకా నిన్ను కదపకూడదనుకున్నాను. కానీ ఇది రాయకుండా ఉండలేను.

ఏప్రిల్ 26న ఒక పాప పుట్టింది. ఇరవై ఏడు వారాలకే. తొమ్మిది వందల గ్రాములు. వార్డులో అందరం గుప్పెడు అంటున్నాం. నిజంగా గుప్పెడే, నా చేయి ఆ పిల్ల కంటే పెద్దది. తల్లి బస్సు కండక్టరు. డ్యూటీలో ఉండగా నొప్పులొస్తే ప్రయాణికులతో సహా బస్సుని మా గేటు ముందుకి తెచ్చేశాడట డ్రైవరు.

మే మూడున ఇన్ఫెక్షన్. ఒంటి రంగు మారిపోయింది, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. డాక్టరమ్మ తల్లిని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడింది, అంటే ఏమిటో మాకు తెలుసు. ఆ తల్లి మాత్రం ఏడవలేదు. గాజు పెట్టె పక్కన నిలబడి, "రైట్ రైట్" అంటోంది. బస్సు కదలాలంటే అనే మాట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. "రైట్, రైట్, పోదాం తల్లీ."

డోసులన్నీ నేనే కలిపాను. నీ పట్టిక చూసి, గంట కూడా అటూ ఇటూ కాకుండా. పది రోజులు. పదకొండో రోజు పాప రంగు తిరిగింది. నిన్న గొట్టంతో పోసిన పాలు ఇముడ్చుకుంది.

తల్లి నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది. "నేను కాదమ్మా, మా చెల్లి" అన్నాను. నీ గురించి చెప్పాను. ఎంత చెప్పానో నాకే గుర్తులేదు. ఎనిమిది వందల మంది నీ పేరు రాశారు, కానీ నీ వల్ల బతికిన మనిషి ఒకటి ఉందని నీకెవరూ రాసి ఉండరు. అందుకే నేను రాస్తున్నా.

అన్నయ్య


జంతుశాస్త్ర విభాగం
జూన్ 17

అన్నయ్యా,

కమిటీ అయింది. నన్ను ప్రొఫెసర్ని చేశారు. గది ఉంటుంది.

గుప్పెడు ఎలా ఉంది? ఇంటికి పంపారా? పంపే ముందు చెవుల పరీక్ష చేయించారా? చేయించకపోతే వెంటనే చేయించమను. పాపకే కాదు, జనవరి నుంచి ఆ మందు వాడిన కిలో లోపు పిల్లలందరికీ. ఆ పట్టికని కిలో లోపు వాళ్ళకి వాడటం ఇవాళే ఆపమని డాక్టరమ్మకి చెప్పు. ఎందుకని అడిగితే, రాసిన మనిషే ఆపమందని చెప్పు.

ఆలస్యం చేయకు.

చెల్లి


ఇల్లు
జూలై 8

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే పరీక్షలు చేయించాం.

పాపని నిద్రపుచ్చి, తలకి తీగలు అంటించి, చెవుల్లో టక్ టక్ మని శబ్దం పెడతారు. విన్నప్పుడల్లా తెర మీద గీత ఎగరాలి. తల్లి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, టికెట్ల మిషను ఇంకా భుజానే ఉంది. శబ్దం పెంచుకుంటూ పోయారు. మాకు గది బయటికి వినపడేంత పెంచారు. గీత ఎగరలేదు. "మిషను ఆన్ చేశారా అండీ?" అని అడిగింది తల్లి. మళ్ళీ అడిగింది.

రిజిస్టరు తీసి చూశాను. కిలో లోపు పిల్లలు, పట్టిక అంటించాక ఆ మందు వాడినవాళ్ళు ఐదుగురు. ఇద్దరికి బాగానే ఉంది. ముగ్గురికి రెండు చెవులూ పోయాయి. ఒక బాబుకి జనవరి ఆఖరున ఇచ్చాం. ఇంకో పాపకి ఫిబ్రవరి మొదటి వారం. మూడోది గుప్పెడు.

పెద్ద నర్సు నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నీ ఉత్తరాలన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టుకున్నాను. ఫిబ్రవరిలో కిలో లోపు పిల్లల గురించి అడిగావు. రక్త పరీక్ష గురించి అడిగావు. తా.క. ఒకటి రాశావు. నేను నవ్వుకున్నాను.

నీకు ఎప్పుడు తెలిసింది?

అన్నయ్య


జంతుశాస్త్ర విభాగం
జూలై 14

అన్నయ్యా,

ఫిబ్రవరి 11న. పొద్దున పదకొండు గంటలప్పుడు.

కమిటీ కోసం పాత నోటు పుస్తకం తెరిచాను. నా సూత్రంలో కిడ్నీ బలాన్ని దాని బరువుని బట్టే లెక్కకట్టాను. బుల్లి కప్పల్లో కిడ్నీ ఆవగింజంత ఉంటుంది, తక్కెడలో ఒక్కటి ఆనదు. అందుకని వాటికి రెండు కిడ్నీలూ కలిపి తూచాను. పెద్దవాటికి ఒక్కటే తూచాను. పక్కన పెన్సిలుతో "రెండూ కలిపి" అని రాసుకున్నాను కూడా. పేపరుకి పట్టిక తయారుచేసేటప్పుడు ఆ పెన్సిలు మాట చూడలేదు. అన్నీ ఒకే వరసలో వేసేశాను. దాంతో చిన్న ఒంట్లో కిడ్నీల బలం ఉన్నదానికి రెట్టింపని తేలింది. ఎదిగిన పిల్లల దగ్గర ఆ తేడా కనపడదు. బుల్లివాళ్ళ దగ్గర, ఒంట్లో మందు ఇంకా ఉండగానే అయిపోయిందనుకుని మళ్ళీ ఇమ్మంటుంది.

మూడుసార్లు తూచాను అన్నయ్యా. నువ్వు చెప్పింది నిజమే. మూడుసార్లు తూచి, ఒక్కసారి తప్పు రాశాను.

ఆ రోజే పత్రికకి రాయాలి. మీ డాక్టరమ్మకి ఫోన్ చేయాలి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే లెక్కలావిడ తలుపు తోసుకుని వచ్చి, "మీ ఫైలు అందరికంటే పైన ఉందమ్మా" అంది. ఫోన్ పెట్టేశాను.

తర్వాత నాకు నేను ఏమేం చెప్పుకున్నానో వింటావా? డాక్టర్లు ఊరికే నమ్మరు, వాళ్ళ పరీక్షలు వాళ్ళకుంటాయని. కిలో లోపు పిల్లలకి ఎవరూ వాడరని. నువ్వు మార్చిలో రాశాక ఆ రెండు మాటలూ పోయాయి. అప్పుడు, జూన్ దాకా ఇంకా ఎంతలే, అని. ఏప్రిల్లో నీకు మూడు ఉత్తరాలు రాసి చించాను. మేలో గుప్పెడు సంగతి రాశావు. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని కప్పల గదిలో నేల మీద కూర్చుండిపోయాను. అప్పటికే డోసులన్నీ అయిపోయాయని నీ ఉత్తరంలోనే ఉంది. అయినా ఇంకో నాలుగు వారాలు ఆగాను. కమిటీ తేదీ దాకా.

పేపరుని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకి నిన్న రాశాను. తప్పు ఎప్పుడు కనపడిందో ఆ తేదీ కూడా వేశాను. ప్రొఫెసరు పదవి వద్దని రాసిచ్చాను. దీనివల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాదు. నాకు తెలుసు.

నువ్వు నా మాట నమ్మి నిలబడ్డావు. నిన్ను అక్కడ నిలబెట్టి నేను ఇక్కడ దాక్కున్నాను.

చెల్లి


ఇల్లు
ఆగస్టు 3

మరదలికి,

మీ అన్నయ్య రాయడం లేదు, నేను రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు, ఉన్నదున్నట్టు రాస్తాను.

నీ ఉత్తరం ఆయన చదివి మడిచి నాకిచ్చారు. తర్వాత చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్ళి, పట్టిక పెట్టమని పట్టుబట్టింది నేనేనని పెద్ద డాక్టరుకి రాసిచ్చి వచ్చారు. ఆయన్ని మందుల గది నుంచి తీసి స్టోరులో వేశారు. అక్కడ దూదీ పట్టీలూ లెక్కపెడుతున్నారు. విచారణ నడుస్తోంది.

ఇంట్లో మాట తగ్గిపోయింది. మొన్న కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడి, "నాకు వినపడుతోంది" అన్నారు. ఎవరితో అన్నారో తెలీదు.

నీ మీద నాకు కోపం ఉంది. చాలా ఉంది. నువ్వు తప్పు రాశావని కాదు. ఆయన "నా నమ్మకం మీద బతుకు" అని రాస్తే, నువ్వు నిజంగా దాని మీదే బతికావు. అది నేను మర్చిపోలేను.

తిండి తింటున్నావా? ఒక్కదానివే ఉంటావు కదా. అందుకని అడిగాను.

వదిన


జంతుశాస్త్ర విభాగం
అక్టోబరు 27

అన్నయ్యా,

నువ్వు చదవకపోయినా రాస్తున్నాను. వదినైనా చదువుతుంది.

పత్రిక వాళ్ళు పేపరు మీద అడ్డంగా ఎర్ర అక్షరాల్లో "వెనక్కి తీసుకోబడింది" అని వేశారు. అంతటితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. సెప్టెంబరులో ఇంకా పద్నాలుగు మంది దాన్ని చూపించారు. ఈ నెలలో తొమ్మిది. ఎర్ర అక్షరాలు ఎవరికి కనపడతాయి, అసలు పేపరు తెరిస్తే కదా! ఒకరి చివరి పేజీ చూసి ఇంకొకరు రాసుకుంటున్నారు.

అందుకని ఒక్కొక్కరికీ నేనే రాస్తున్నాను. చూపించిన ప్రతి పేపరు మీదా చిరునామా ఉంటుంది. రోజుకి పది మందికి. "మీరు నమ్మిన అంకె తప్పు, కిలో లోపు పిల్లలకి వాడి ఉంటే చెవులు చూపించండి" అని. లెక్కలావిడ సాయం చేస్తోంది. ఆవిడ సాయం చేస్తుందని నేననుకోలేదు. "ఇన్నేళ్ళూ కూడడమే చేశాను, తీసేయడం ఇదే మొదటిసారి" అంది.

ఇప్పటిదాకా ఐదు వందల మందికి పైగా రాశాను. జవాబులు అరవై. ఒకాయన ఒప్పుకున్నాడు, "మన్నించండి, మీ పేపరు నేను చదవలేదు, అందరూ చూపిస్తున్నారని చూపించాను" అని. అలాంటివి ఇరవై దాకా వచ్చాయి. మరో నాలుగు ఆసుపత్రుల నుంచి "మా దగ్గర కూడా" అని వచ్చాయి. ఆ ఉత్తరాలు నేను ఎవరికీ చూపించలేదు.

మా కప్పల వాళ్ళు పద్నాలుగు మందిలో ఒక ముసలాయన రాశాడు. "పట్టికలో చిన్న కప్పల వరస చూస్తే నాకు అప్పుడే అనుమానం వచ్చిందమ్మా. కప్పల సంగతే కదా, ఎవరికి నష్టమని ఊరుకున్నాను" అని.

డిసెంబరుతో గది మూస్తారు. అమ్మాయిలిద్దరికీ వేరే చోట కుదిరింది.

చెల్లి


ఇల్లు
డిసెంబరు 15

చెల్లికి,

విచారణ ముగిసింది. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. మందులు ముట్టుకోకూడదన్నారు. అది వాళ్ళు చెప్పకపోయినా నేను ముట్టుకోను.

మొన్న ఆదివారం మీ వదినా నేనూ కండక్టరమ్మ ఇంటికి వెళ్ళాం. మూడో అంతస్తులో రెండు గదులు. తప్పు జరిగిందని ఆసుపత్రి వాళ్ళు అప్పటికే చెప్పారట, ఎవరి తప్పో చెప్పలేదు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను. పట్టిక నేనే అంటించానని, డోసులు నేనే కలిపానని. అది మా చెల్లెలి పట్టికని, మేలో ఆవిడతో గొప్పలు చెప్పింది ఆ చెల్లెలి గురించేనని. ఆ చెల్లెలికి ఫిబ్రవరిలోనే తెలుసని.

పాప నేల మీద బోర్లా పడుకుని చేతులతో చాప కొడుతోంది. ఒళ్ళు చేసింది, ఇప్పుడు గుప్పెడు కాదు. తల్లి కాలితో నేల మీద తడితే తల తిప్పి చూసింది. చూసి నవ్వింది. "పిలవడం ఇలా నేర్చుకున్నాం" అంది ఆవిడ.

మీ వదిన ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ పరాయి వాళ్ళింట్లో ఏడవగా నేను చూడలేదు.

కాసేపటికి కండక్టరమ్మ అంది, "మీకు ఏ శిక్ష వేయాలో నాకు తెలీదు. నా దగ్గర అంత ఓపిక లేదు, పొద్దున్నే డ్యూటీ ఉంది. ఒక్కటి మాత్రం కావాలి. ఇది పెద్దయ్యాక ఎందుకిలా అయిందని అడుగుతుంది. నేను నోటితో చెప్తే దానికి వినపడదు. చదువుకోవాలి. అందుకని ఆవిడని రాసిమ్మనండి. సైన్సు మాటలు వద్దు, పదేళ్ళ పిల్లకి అర్థమయ్యేట్టు. అబద్ధం ఒక్కటి కూడా ఉండకూడదు."

ఒప్పుకున్నాను. రాసి పంపు. నేను తీసుకెళ్ళి ఇస్తాను. ముందు నేను చదవను, అది నాకు రాసేది కాదు.

ఇంటికి రాకు. మీ వదిన రమ్మంటోంది. నేనే వద్దన్నాను. నీ మొహం చూస్తే నాకు చిన్నప్పటి నువ్వు గుర్తొస్తావు, అప్పుడు కోపం పోతుంది. ఇంకా పోనివ్వదలుచుకోలేదు.

ఒక మాట. వందల మంది నీ పేపరు చదవకుండా చూపించారని రాశావు. దీన్ని చదివే మనిషి ఉంది. ఒక్కో మాటా పదేసిసార్లు చదువుతుంది. జాగ్రత్తగా రాయి.

అన్నయ్య


నా గది
జనవరి 6

అమ్మాయీ,

నువ్వు నన్ను చూడలేదు. నేనూ నిన్ను చూడలేదు. నీకు చెవులు వినపడకపోవడానికి కారణం నేను. అది ఎలా జరిగిందో చెప్పమని మీ అమ్మ అడిగింది.

నేను కప్పల గురించి చదువుకున్నదాన్ని. వాటి కిడ్నీలు తూచి ఒక పట్టిక రాశాను. రాసేటప్పుడు ఒక వరస తప్పు వేశాను. నాకు తెలీదు. ఆ పట్టికని నమ్మి డాక్టర్లు చిన్న పిల్లలకి మందు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో లెక్క వేసుకున్నారు. నువ్వు చాలా ముందుగా పుట్టావు, అరచేతిలో పట్టేంత ఉన్నావు. నీకు జబ్బు చేసింది. మందు ఇవ్వకపోతే నువ్వు బతికేదానివి కాదు. ఇచ్చారు, బతికావు. కానీ ఇవ్వాల్సిన దానికంటే తొందర తొందరగా ఇచ్చారు, నా పట్టిక అలా చెప్పింది కాబట్టి. మందు ఒంట్లో ఎక్కువైపోయి నీ చెవుల లోపలి సన్నని భాగాన్ని పాడుచేసింది.

నీకు మందు కలిపినాయన మా అన్నయ్య. ఆయన నన్ను నమ్మాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

ఇక్కడిదాకా చదివి, పాపం పొరపాటు జరిగిందిలే అని నువ్వు అనుకోవచ్చు. అనుకోకు. నా తప్పు నాకు ఫిబ్రవరి 11న కనపడింది. అది ఎవరికీ చెప్పకుండా దాచాను. చెప్తే నాకు రావాల్సిన పెద్ద ఉద్యోగం రాదు, నా గది పోతుంది, నలుగురిలో తల ఎత్తుకోలేను, అందుకు. నీకు మొదటి ఇంజెక్షన్ మే 3న ఇచ్చారు. ఈ రెండు తేదీల మధ్య ఎనభై ఒక్క రోజులున్నాయి. అందులో ఏ రోజైనా, ఏ పూటైనా, నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే నీకు ఆ మందు ఎడంగా ఇచ్చేవాళ్ళు. చాలావరకు నీకు వినపడేది.

నువ్వు గాజు పెట్టెలో ఉన్నప్పుడు మీ అమ్మ పక్కన నిలబడి రోజంతా ఒక మాట అంటూనే ఉందట. "రైట్, రైట్, పోదాం తల్లీ" అని. మా అన్నయ్య రాశాడు. మందు మొదలుపెట్టిన రోజుల సంగతి అది, అప్పటికి నీకు వినపడుతుండేది. నువ్వు ఆ మాట విన్నావు. గుర్తుండదు, కానీ విన్నావు. నీకు చెప్పగలిగిన మంచి మాట నా దగ్గర ఇదొక్కటే ఉంది.

నన్ను క్షమించమని అడగను. ఇందులో నీకు అర్థం కానిది ఏదైనా ఉంటే, అప్పటికి నేను బతికి ఉంటే, కవరు మీద ఉన్న చిరునామాకి రాయి. అడిగిన దానికి జవాబు రాస్తాను. అదే రోజు రాస్తాను.